అనుమతికి వెళ్ళిన నవల

మొన్న కాలువలకు నీళ్లు కట్టేసిన తరువాత, ఉదయపు నడకకు గట్టు మీదుగా వెళుతూ, పూడికతీత పూర్తయినదని ప్రకటించే కొత్త బోర్డును, దాని వెనుక మోకాలెత్తున పెరిగి నిలిచిన గుర్రపుడెక్కను ఒకే చూపులో చూశాను. ఇటువంటి దృశ్యంతోనే మొదలయ్యే నవల ఒకటి నేను యాభై ఏళ్ల క్రితం చదివాను. మీలో ఎవరూ చదివి ఉండరు. అది అచ్చు కాలేదు. కాకపోవడానికి కారకుణ్ణి నేనే.

రాసినవారు మా అక్కయ్య భర్త. కాలువ పనులు చూసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. పగలంతా తీయని పూడికకు బిల్లులు సిద్ధం చేసి, తెల్లవారుజామునే లేచి, నీరందని శివారు పొలాల రైతులూ కూలీలూ ఏకమై ఆ బిల్లులు మింగేవారి మీద తిరగబడే కథను నాలుగేళ్లపాటు రూళ్ల కాగితాల మీద రాశారు. అక్కయ్య కొబ్బరి కోరుతూ వినేది.

నేనప్పుడు రాజోలు వైపు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. బావగారు మారుపేరుతో అచ్చు వేయిస్తానంటే నేను ఒప్పుకోలేదు. ప్రభుత్వోద్యోగి పుస్తకం ప్రచురించాలంటే పై అధికారుల అనుమతి ఉండాలని నిబంధన; అక్రమాన్ని ఖండించేవాడు తానే నిబంధన మీరితే ఎలాగని వాదించాను.

“బాగుందండీ మాస్టారూ! అయ్యా, తమరి మీదే ఫిర్యాదు రాశాను, దస్తూరీ కుదిరిందో లేదో చూసిపెట్టండి అని అడగమంటారు!” అని ఆయన నవ్వారు.

“వాడంతేనండీ. చిన్నప్పుడు పక్కింటి జామకాయకి కూడా అర్జీ పెట్టుకున్నాడు” అంది అక్కయ్య.

నేను నవ్వలేదు. ఇంట్లో నా మాటకు విలువ ఎక్కువ. చివరికి ఆయన కాదనలేక తలూపారు. అర్జీ నేనే రాశాను. రాతప్రతి జతపరచాలని ఉన్నది గనుక, ఆ కాగితాల కట్టను, ఉన్న ఒక్క ప్రతినీ, దస్త్రాలు కట్టే నాడాతో చక్కగా కట్టి పంపించి, రసీదు తెప్పించుకున్నాను. మరో నకలు రాయించాలన్న ఆలోచన వచ్చింది గాని, ఆరువందల పుటలు, పైగా నాకు ప్రభుత్వం మీద నమ్మకం.

ఆరు నెలలకు, పరిశీలనలో ఉన్నదని ఒక్క వాక్యం వచ్చింది. ఆ తరువాత బావగారికి దూరపు జిల్లాకు బదిలీ వచ్చింది. నేను గుర్తుచేస్తూ జాబుల మీద జాబులు రాసి, జవాబు లేక, అర్జీ పంపిన కార్యాలయానికి స్వయంగా వెళ్లాను. అక్కడి పెద్ద గుమాస్తా కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, ఎంతో మర్యాదగా, “ఆయ్, అర్జీ ముట్టిందండీ. నవలంటారా, రసీదులో లేదు కదండీ మాస్టారూ” అన్నారు. చూస్తే నిజమే. అర్జీ ఒకటి అని మాత్రమే ఉంది. విద్యార్థి ఒక్క కామా మరిచినా బెంచీ ఎక్కించిన నేను, ఆ రసీదును చదవకుండానే భద్రంగా దాచుకున్నాను.

బావగారు నన్ను ఒక్క మాట అనలేదు. మళ్లీ కలం పట్టనూ లేదు. ఆయన పోయి పన్నెండేళ్లయింది.

ఇప్పటివారు ఎవరి అనుమతీ అడగరు. పేర్లతో సహా ఫోనులో రాసి, మధ్యాహ్నానికల్లా ఊరందరికీ చూపిస్తున్నారు. ఎవరి అక్రమాలు రాశారో వారే మరునాడు మెడలో దండతో సన్మానానికి వస్తున్నారు. ఆ రోజుల్లో ఒక గుమాస్తా రాసిన కాగితాలను మాయం చేయవలసినంత జంకైనా ఆ కార్యాలయానికి ఉండేది. ఈ మాట ఊరటగా అంటున్నానో, మరెలా అంటున్నానో నాకే తెలియదు.

బోర్డు సంగతి అక్కయ్యకు చెప్పాను. “ఒరేయ్ తమ్ముడూ, ఆ నవల్లో ఆఖరికి వాళ్లు గెలిచేరట్రా?” అని అడిగింది. చివరి ప్రకరణం అచ్చులో చదువుకుందువుగాని అని బావగారు ఆమెను ఊరించారట. “నువ్వు చదివేవు కదా” అంది.

అర్జీ పంపే తొందరలో నేనూ ఆ ప్రకరణం చదవలేదు. అనుమతి వచ్చాక తీరికగా చదవవచ్చునని మిగుల్చుకున్నాను. ఆ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఆమెకు ఎనభై నాలుగేళ్లు. అప్పుడూ చెప్పలేక, మందుల వేళయిందని లేచాను.