కర్సోనో చాపలు

లాస్మి ఇంటి ముందున్న బల్ల మీద ఆ వాడ మగవాళ్లంతా ఏళ్ల తరబడి మోచేతులు రాసుకుంటూ కూర్చుని మా జావా పెసెల్ తిన్నారు. ఉడికించిన ఆకుకూరల మీద వేరుశనగ పచ్చడి పోసి అరిటాకులో పెట్టి ఇస్తుందామె. కారం ఎక్కువైందని తిట్టుకుంటూనే మళ్లీ వేయించుకునేవారు. ఇప్పుడు దేశాధ్యక్షుడి ఎన్నికలొచ్చాయి, నిలబడ్డవాళ్లు ఇద్దరు, ఒకటో నంబరూ రెండో నంబరూ. పొద్దున్నే రెండో నంబరు వాళ్లు వచ్చి తినేసి పోతారు. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా ఒకటో నంబరు వాళ్లు ఎదురుగా బావి దగ్గర చేతులు కట్టుకుని నిలబడతారు. ఆకలీ ఒకటే, పచ్చడీ ఒకటే, బల్ల మాత్రం మైలపడినట్టు చూస్తారు.

"యు, ఇంతకీ మీరు ఏ నంబరు?" అని అడుగుతాడు ట్రిస్నో. ఒకటో నంబరు జెండాను ఇంటి కప్పు కంటే ఎత్తున కట్టినవాడు. ఆ వాడలో చిన్నవాళ్లంతా లాస్మిని యు అనే పిలుస్తారు, అక్కా అన్నట్టు.

"నాకు తెలిసిన నంబర్లు మిరపకాయలవే. ఒకటా, మూడా, అయిదా చెప్పు, నూరతాను."

"అలా తప్పించుకోకండి. ఎటూ చెప్పనివాళ్లే దేశాన్ని ముంచేది."

"దేశం సంగతి తర్వాత. ముందు ఆ వడియం పచ్చడిలో ముంచుకుని తిను, మెత్తబడిపోతోంది."

పైకి అలా అనేది కానీ లోపల ఆమెకు ఒళ్లు మండిపోయేది. ఆ ఇద్దరు పెద్దమనుషుల్లో ఒక్కరైనా ఈ వీధి మొహం చూశారా? రాజధానిలో వాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని నవ్వుకుంటూ కాఫీ తాగుతున్న బొమ్మ టీవీలో వచ్చింది కూడా. ఇక్కడ వీళ్లేమో ఒకళ్ల గుమ్మం ఒకళ్లు తొక్కరు.

ఇలాంటప్పుడు మొగుడుండి ఉంటే బాగుండేదనిపించేది. కర్సోనో గొప్పవాడేం కాదు, ఆ వాడకి చాపలు పరిచే మనిషి. ఎవరింట్లో పురుడొచ్చినా, ఎవరు పోయినా, ప్రార్థనకి అందరూ కూర్చోవాలిగా. ఇంటింటా గుప్పెడు బియ్యం పోగుచేసి అమ్మిన డబ్బుతో వాడ మొత్తానికి తుంగ చాపలు కొన్నారు. అవి కర్సోనో ఇంట్లోనే ఉండేవి. పిలవకముందే భుజాన వేసుకుని వెళ్లి పరిచేవాడు, అందరూ వెళ్లాక దులిపి చుట్టి తెచ్చేవాడు. ఏ కార్యంలోనైనా వాకిటి పక్క మూల ఆయనది. చెప్పులు దొంగతనం కాకుండా చూస్తున్నానని వేళాకోళమాడేవాడు.

ఆయన పోయాక కూడా చాపలు లాస్మి దగ్గరే ఉన్నాయి. ఎన్నికల గొడవ ముదిరిన వారం ట్రిస్నో మనుషులొచ్చి సగం పట్టుకుపోయారు. సాయంత్రానికి మిగతా సగం కోసం సొబరి మనుషులొచ్చారు. సొబరి ఆ వీధి మసీదులో ప్రార్థన చదివించే పెద్దాయన, రెండో నంబరు. ఆయన వెనక నిలబడి చేసే నమాజు నమాజే కాదని ట్రిస్నో అన్నాడు. వాళ్లింటి అన్నం తన గొంతు దిగదని సొబరి అన్నాడు. చాపలున్న మూల బోసిపోయింది. లాస్మి ఆ రోజు అక్కడే గోడకి ఆనుకుని కూర్చుని ఏడ్చింది. మనిషి రెండోసారి పోయినట్టుంది.

పోలింగుకి కొద్ది రోజుల ముందు కర్సోనో వెయ్యో రోజు వచ్చింది. పోయినవాళ్లకి చేసే కార్యాల్లో అదే ఆఖరిది. ఆ రోజు వాడంతా కూర్చుని ప్రార్థించి, అన్నం పొట్లం పట్టుకెళ్తే, పోయిన మనిషికి ఇక ఈ ఇంటితో పని తీరినట్టే. వాడంతా కూర్చోవాలి, అదే ఆమెకి కావలసింది. అందరికీ చాపలు పరిచినవాణ్ణి సగం చాపల మీద సాగనంపడానికి ఆమెకి మనసొప్పలేదు.

పిలుపులకి మామూలుగా మగవాళ్లు వెళ్తారు. ఇంట్లో మగదిక్కు లేదు కనుక తలమీద ముసుగు సర్దుకుని తనే బయల్దేరింది. ముందు సొబరి ఇంటికి వెళ్లింది. "ఇంగ్గి, వస్తాను," అన్నాడాయన మెత్తగా, చిత్తం అన్నంత వినయంగా. తర్వాత ట్రిస్నో ఇంటికి.

"అందరూ వస్తున్నారు, పాక్ ట్రిస్నో. పాక్ సొబరి కూడా వస్తానన్నారు," అంది సంతోషం పట్టలేక. పిలుపుకి వచ్చింది కనుక పేరుకి ముందు పాక్, గారు అన్నట్టు, చేర్చింది.

ట్రిస్నో నవ్వాడు. "ఇంగ్గి, యు. ఇంగ్గి."

ప్రతి గుమ్మంలోనూ అదే మాట. అడగగానే తమ వాటా చాపలు కూడా ఇచ్చారు. మా జావా వాళ్లకి ఎదుటివాళ్ల మొహం మీద కాదనడం రాదు. రాని మనిషి కూడా ఇంగ్గి అనే అంటాడు. గొంతు ఎంత మెత్తగా ఉంటే అంత అనుమానించాలని లాస్మికి తెలియక కాదు. ఆ వాడలోనే పండిపోయిన మనిషి. అయినా నమ్మింది. నమ్మాలని అంత గట్టిగా ఉన్నప్పుడు ఎవరైనా నమ్ముతారు.

వంటకి పది మంది ఆడవాళ్లు రావలసిన చోట పక్కింటి గియంతి ఒక్కతే, అదీ పెరటి దారిన వచ్చింది.

"మా ఆయనకి చెప్పకండి. రెండో నంబరు పొయ్యి దగ్గర కూర్చున్నానని తిడతాడు."

"నా పొయ్యికి నంబరెప్పుడిచ్చారే?"

"ఇవ్వలేదు. అందుకే రెండు వైపులా తిడుతున్నారు," అని గియంతి కొబ్బరి కోరుతూ నవ్వింది. మధ్యాహ్నానికి ఆమె కూడా వెళ్లిపోయింది.

పొద్దు వాలింది. లాస్మి కొబ్బరిపాల అన్నం రాశి పోసి, కోడి వండి, పోయినవాళ్ల కోసం అట్లు పోసి, చాపలన్నీ అంచుకి అంచు కలిపి పరిచింది. సాయంత్రం నమాజు అయింది. వీధిలో అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా ముసుగు సర్దుకుంది. అడుగులు ఆగకుండా వెళ్లిపోయాయి.

చివరికి ఒక్క మనిషి వచ్చాడు. ఎంబా క్రొమో, అంటే క్రొమో తాత, చెవులు బొత్తిగా వినపడని ముసలాయన. వాడ రెండుగా చీలిందని ఆయనకి ఎవరూ అరిచి చెప్పలేదు. అన్ని చాపల మధ్యలో చతికిలబడి చుట్టూ చూశాడు.

"నేనే ముందొచ్చానా?" అని కేకేశాడు.

"అవును ఎంబా! వస్తున్నారు!" అని లాస్మి ఆయన చెవిలో అరిచింది.

కాసేపు చూసి ముసలాయన చేతులు చాచి తనకొచ్చిన నాలుగు ప్రార్థన మాటలూ చదివాడు. ఆడవాళ్లు ఆ చాపల మీద కూర్చోకూడదు. లాస్మి వెళ్లి వాకిటి పక్క మూల, మొగుడి చోట్లో కూర్చుని ఆమీన్ అంది. అంత పెద్ద వాడకి ఆమె ఒక్క గొంతే.

అన్నం పారేస్తే పాపం. పొట్లాలు కట్టి ఇంటింటికీ తనే మోసింది. అందరూ రెండు చేతులా అందుకున్నారు. రానందుకు ఒకరికి తలనొప్పట, ఒకరింటికి చుట్టం వచ్చాడట.

"సొబరి వస్తాడన్నారు కదా యు. మేమూ వస్తే మీ ఇంట్లో రభస అవుతుందని ఆగాం," అన్నాడు ట్రిస్నో.

"ట్రిస్నో వాళ్లొస్తారని తెలిసింది. మంచి కార్యం చెడగొట్టడం ఎందుకని మానేశాను," అన్నాడు సొబరి. ఆయన గొంతు దిగనిది వాళ్లింటి అన్నమేగా, ఈ పొట్లం చక్కగా లోపలికి వెళ్లింది.

ఒకళ్లొస్తారని ఒకళ్లు మానేశారన్నమాట. లాస్మికి అరవాలనిపించింది. అరవలేదు, తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది. మర్నాడు ఎవరి చాపలు వాళ్లు తీసుకుపోయారు.

పోలింగు రోజు లాస్మి తన వంతుకి లోపలికెళ్లింది. బొమ్మకి చిల్లు పొడిచి ఓటేయడానికి తాడుకి కట్టి ఉంచిన మేకు చేతిలోకి తీసుకుని కాగితం మీద నవ్వుతున్న ఇద్దరినీ చూసింది. ఒకడి మొహాన పొడిచింది. రెండోవాడి మొహానా పొడిచింది. అన్ని నెలల్లో ఆమె చేతికి దొరికిన హాయి అదొక్కటే.

సాయంత్రం లెక్కింపు చూడ్డానికి వాడంతా పాఠశాల ఆవరణకి వచ్చింది. నేల తడిగా ఉందని అధికారులు వాడ చాపలన్నీ తెప్పించి పరిపించారు. ఒకటో నంబరూ రెండో నంబరూ ఎవరు ఎక్కడన్నది చూసుకోకుండా ముందు వరస కోసం తోసుకుని కూర్చున్నారు. లాస్మి వేలి మీద సిరా మరకతో కంచె దగ్గర నిలబడి చూసింది. అంచుకి అంచు కలిపి పరిచిన అవే చాపలు. ఒక్క జానెడు ఖాళీ లేదు.

అధికారి ఒక్కో కాగితం విప్పి, చిల్లు కనబడేలా వెలుగుకి పట్టి అరుస్తున్నాడు. ఒకటి. రెండు. రెండు. ఒక కాగితం విప్పి ఆగాడు. రెండు మొహాల్లోంచీ వెలుతురు వచ్చింది.

"చెల్లదు!"

ఆవరణ గొల్లుమంది. "ఎవడ్రా ఆ తెలివిగలవాడు?" అన్నాడు ట్రిస్నో. "ఇద్దరినీ పెళ్లాడదామనుకున్నాడు!" అని సొబరి పొట్ట పట్టుకుని నవ్వుతూ ట్రిస్నో భుజం మీద వాలిపోయాడు. అన్ని నెలల తర్వాత వాడంతా కలిసి నవ్విన నవ్వు అదే. లాస్మి కంచె పట్టుకుని ఆ నవ్వంతా విన్నది.

లెక్క తేలాక గెలిచినవాళ్లు ఊరేగింపుకీ ఓడినవాళ్లు గొణుక్కోవడానికీ పోయారు. చాపల సంగతి ఎవరికీ పట్టలేదు. లాస్మి వంగి ఒక్కొక్కటే దులిపి, చుట్టి, భుజాన వేసుకుని ఇంటికి చేర్చింది. నడుము పట్టేసినా అన్నీ చేర్చింది.

మర్నాడు ట్రిస్నో వచ్చాడు. "యు, మా సగం మాకు ఇప్పించండి."

"ఎవరు పోయారు?"

"అయ్యో, ఎవరూ పోలేదు."

"పోయినప్పుడు రా. అన్నీ ఇస్తాను. సగం అయితే ఇవ్వను. సొబరికీ ఇదే చెప్పు."

ట్రిస్నో నేల చూపులు చూశాడు. "ఇంగ్గి," అన్నాడు మెత్తగా.

ఈసారి ఆమె నమ్మలేదు. తలుపేసి గడియ పెట్టి వెనక్కి తిరిగింది. మూల నిండుగా ఉంది. వాడంతా కూర్చోవడానికి సరిపడా చాపలు ఉన్నాయి ఆ ఇంట్లో. ఆమె పైదాన్ని ఒకదాన్ని తీసి, వాకిటి పక్కన పరుచుకుని, దాని మీద ఒక్కతే కూర్చుంది.