నిదానం బతికించిన బోర్డు

సొంత అక్క చేతిలో ప్రాణం వదిలిన మదర్‌బోర్డును మూడో రోజు సాయంత్రానికి లేపి కూర్చోబెట్టడం నిదానం సాధించిన మొదటి గొప్ప విజయం. అంతకు ముందు అతను ఏమీ సాధించలేదని కాదు. ఊరి బళ్లో ఏడో తరగతి వరకే చదివినా, ఇరవై రెండో ఏట ఇద్దరు మెకానిక్కులు తమ వల్ల కాదని తిప్పి పంపిన రేడియోను పాడించాడు. టీవీలు వచ్చాక టీవీలు నేర్చాడు. నలభయ్యో ఏట, తోటి మెకానిక్కులు ఒక్కొక్కరే దుకాణాలు మూసుకుంటున్న కాలంలో, నిఘంటువు పక్కన పెట్టుకుని కంప్యూటరు పుస్తకాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా పదకొండు నెలల్లో చదివాడు. అయినా అవన్నీ ఒక ఎత్తు, బావ బోర్డు ఒక్కటీ ఒక ఎత్తు.

కాగితాల్లో అతనికి వేరే పేరుంది. ఆ పేరుతో పిలిస్తే అతనే పక్కకు చూస్తాడు. స్క్రూ విప్పే ముందు ఒకసారి, విప్పాక ఒకసారి దాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తాడు. విప్పినవాటిని విప్పిన వరుసలోనే తెల్లగుడ్డ మీద పేరుస్తాడు. పెళ్లయిన కొత్తలో అత్తగారింటికి వెళ్లి, అందరూ కుశలం అడుగుతుంటే, గోడ గడియారం రెండు నిమిషాలు వెనకబడిందని స్టూలు వేసుకుని ఎక్కాడని భార్య ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. అలాంటి మనిషికి నిదానం అన్న పేరు కాక మరేం పెడతారు? పెట్టింది బావే.

ఆ బావ, అంటే అక్క మొగుడు, బూట్లు కుట్టించే కార్ఖానా యజమాని. కార్ఖానా అంటే మరీ పెద్దదేం కాదు. ఇంటి వెనక పొడవాటి రేకుల గది, వరసగా కుట్టుమిషన్లు, ఒక మూల జిగురు డబ్బాలు, ఏడుగురు పనివాళ్లు. గది మధ్యలో మంచమంత కటింగు యంత్రం. దాని మీద తోలు పరిచి మీట నొక్కితే, పక్కనున్న కంప్యూటరు చెప్పిన గీత వెంట బ్లేడు పరుగెత్తి, గంటలో నలభై జతలకు ముక్కలు కోసి పెడుతుంది. ఆ కంప్యూటరులోని కటింగు ప్రోగ్రాంకు ఒక పట్టుదల ఉంది. తెరిచిన ప్రతిసారీ అది మదర్‌బోర్డు నంబరు అడుగుతుంది. తాను మొదట ఏ బోర్డు మీద కుదురుకుందో ఆ బోర్డు నంబరే కావాలి, ఇంకో నంబరు చెబితే తలుపు తీయదు. దాన్ని అమ్మిన కంపెనీ ఎత్తేసి నాలుగేళ్లయింది. వాళ్ల నంబరుకు ఫోను చేస్తే ఎవరో పెద్దావిడ ఎత్తి, "మాది ఇల్లు నాయనా, కంపెనీ కాదు" అంటుంది.

ఒకనాడు ఆ కంప్యూటరులోని పాత డిస్కు మరలో రాయి పడ్డట్టు కిరకిరమనడం మొదలుపెట్టింది. బావ కొత్త రకం డిస్కు కొనుక్కొచ్చాడు. బోర్డేమో దాని ముఖం ఎప్పుడూ చూడనట్టే ఉండిపోయింది. నిదానం వచ్చి, బోర్డు పేరూ దాని అంచున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న రకం నంబరూ కాగితం మీద రాసుకుని, సంగతి కనిపెట్టాడు. బోర్డులోని బయాస్ పాతది.

కంప్యూటరుకు కరెంటు తగలగానే అన్నిటికంటే ముందు మేలుకుని, మిగతా భాగాలను పేరుపేరునా పిలిచి లేపే చిన్న ప్రోగ్రామే బయాస్. బోర్డు మీద గోరంత చిప్పులో దాని కాపురం. అది పుట్టిన నాటికి ఈ కొత్త డిస్కు లోకంలో లేదు కాబట్టి దీన్ని ఏమని పిలవాలో దానికి తెలియదు. బోర్డు తయారుచేసినవాళ్లు ఆ తర్వాత కొత్త బయాస్ ఇచ్చారు. పాతది చెరిపి కొత్తది రాస్తే సరి. రాస్తున్నంతసేపూ కరెంటు పోకూడదు, అంతే.

"ఎంతసేపురా బామ్మర్దీ?" అన్నాడు బావ.

"రెండు గంటలు బావా."

"బజార్లో పెద్ద కంప్యూటరు దుకాణం ఇంజనీరు ఐదు నిమిషాల పనన్నాడే."

"నిజమే అన్నాడు. ఆ ఐదు నిమిషాల పనికి ముందు గంటా యాభై ఐదు నిమిషాల పని ఉంటుంది."

యంత్రం నడిపే కటింగు మేస్త్రి కిసుక్కున నవ్వాడు. బావ నవ్వలేదు. "ఏడుగురు చేతులు ముడుచుకు కూర్చున్నార్రా. నీ నిదానం ఇంకెక్కడైనా చూపించు, ఇక్కడ కాస్త కాలు కదుపు."

ఆ గంటా యాభై ఐదు నిమిషాల్లో ముఖ్యమైనది, చెరపబోయే పాత బయాస్‌ను ఉన్నది ఉన్నట్టు నకలు తీసి దాచుకోవడం. నిదానం ఏ బోర్డు దగ్గరా ఆ పని మానలేదు. ఆ రోజు మానాడు. బావ గడియారం వైపు చూస్తూ అటూ ఇటూ పచార్లు చేస్తుంటే, నలభై ఎనిమిదేళ్ల జీవితంలో మొదటిసారి తొందరపడ్డాడు.

మిగతా జాగ్రత్తలన్నీ తీసుకున్నాడు. తన దుకాణం నుంచి బ్యాటరీ డబ్బా మోసుకొచ్చి కంప్యూటరును దానికి తగిలించాడు. వీధిలో కరెంటు పోయినా ఆ డబ్బా ఇరవై నిమిషాలు నడిపిస్తుంది. కొత్త బయాస్ ఉన్న పెన్‌డ్రైవు గుచ్చి పని మొదలుపెట్టాడు. తెర మీద నీలం గీత మెల్లగా పాకింది. ఇరవై, ముప్ఫై.

"భోజనానికి రా" అంటూ బావ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇది అయిపోనీ బావా."

"నువ్వు గుడ్లప్పగించి చూస్తేనే నడుస్తుందా అది? మేస్త్రి వాకిట్లో ఉంటాడు, ఎవర్నీ రానివ్వడు. లే."

నిదానం లేచాడు. మేస్త్రి వీధి వాకిట్లో స్టూలు వేసుకుని, ఈగను కూడా రానివ్వనన్నట్టు కూర్చున్నాడు. కానీ ఆ గదికి వంటింటి వైపు ఇంకో తలుపుంది.

అక్కకు ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉంది. మనిషి లేని గదిలో దీపం వెలగకూడదు, పంకా తిరగకూడదు. పొద్దున్నుంచి పడుకునే దాకా ఒక్కో గదీ తిరిగి స్విచ్చులు కట్టెయ్యడం ఆమె పని. కంచాలు పెట్టేలోపు కార్ఖానా కూడా ఒకసారి చుట్టి వచ్చింది. వచ్చి తమ్ముడి కంచంలో వడ్డిస్తూ, "మీ మగాళ్లకు స్విచ్చు కట్టడం ఎప్పటికొస్తుందో" అంది.

నిదానం చెయ్యి కంచం మీదే ఆగింది. "ఏ స్విచ్చు కట్టావక్కా?"

"గోడది. కట్టానో లేదో ఆ కింద డబ్బా ఒకటే కుయ్ కుయ్ మని గోల."

"దాన్నీ కట్టావా?"

"ఊరికే ఊరుకుందా అది? బొత్తం మీద వేలుపెట్టి గట్టిగా అదిమి పట్టాను. అప్పుడు నోరు మూసింది."

బావ కంచం పక్కకు నెట్టి లేచాడు. నిదానం చెయ్యి కడుక్కుని వెళ్లి మీట నొక్కాడు. లోపల పంకా గిర్రున తిరిగింది. తెర మాత్రం బొగ్గులా నల్లగా ఉండిపోయింది. సగం చెరిగి, సగం రాసి ఉన్న బయాస్‌కు తానెవరో తనకే తెలియడం లేదు. ఇక మిగతావాళ్లను ఏం లేపుతుంది?

"నీ పొదుపు నా కొంప ముంచింది" అన్నాడు బావ అక్కతో. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అక్కనేం అనకు బావా. కుర్చీ వదిలింది నేను."

సాయంత్రం పెద్ద దుకాణం ఇంజనీరు వచ్చాడు. రెండు నిమిషాలు చూసి, "కొత్త బోర్డు వేసుకోండి" అన్నాడు. కొత్త బోర్డు వేస్తే కంప్యూటరు నడుస్తుంది, కటింగు ప్రోగ్రాం నడవదు. ప్రోగ్రాం నడవకపోతే మంచమంత యంత్రం పాత ఇనుము. మళ్లీ చేత్తో కత్తి పట్టి కోసే రోజులొస్తే ఏడుగురిలో ముగ్గురికే పని. ఆ మాట బావ పైకి అనలేదు. అనకపోయినా వాకిట్లో నిలబడ్డ ఏడుగురికీ అర్థమైంది. కటింగు మేస్త్రి మాత్రం గొంతు సవరించుకుని, "నిదానం బాబూ, మీరేమంటారు?" అన్నాడు.

"ఇదే బోర్డును లేపుతాను. ఎప్పటికని మాత్రం అడగొద్దు."

ఆ మాటలో బింకం లేదు. అతని దుకాణంలో ఎనిమిది కాళ్ల చిప్పును పట్టుకునే క్లిప్పు ఒకటుంది. బట్టలకు పెట్టే క్లిప్పులాగే ఉంటుంది గానీ, దాని పళ్లు చిప్పు కాళ్లను కరుచుకుని, లోపలున్నది మరో కంప్యూటరుకు చదివి వినిపిస్తాయి. దాంతో రాయనూ వచ్చు. ఏడాదిగా తుక్కు బోర్డుల మీద నిదానం ఆ విద్యే సాధన చేస్తున్నాడు. పందొమ్మిది బోర్డులు లేపాడు. మొదటి ఆరూ లేవలేదన్న సంగతి కూడా అతని నోటుపుస్తకంలో ఉంది.

రెండో రోజు పొద్దున బోర్డు విప్పి బల్ల మీద పరిచాడు. బావ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"కొత్త బయాస్ నీ దగ్గరుందిగా. ఈ క్లిప్పుతో పూర్తిగా రాసి పారెయ్యొచ్చు కదరా?"

"రాస్తే బోర్డు లేస్తుంది బావా. కానీ కంపెనీవాళ్లిచ్చిన ఫైలులో నీ బోర్డు నంబరు ఉండదు. సగం నంబరు బోర్డుకు అంటించిన ఈ కాగితం మీదుంది. మిగతా సగం చిప్పులోనే ఉంది. నకలు తీసి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. తీయలేదు. అందుకని ముందు చిప్పులో మిగిలిందేమిటో చదవాలి."

"మొత్తం చెరిగిపోయి ఉంటే?"

"మీ ఆవిడ సగంలో కట్టేసింది కదా. అదే మనకు కలిసొచ్చేలా ఉంది. ఇల్లు కూలినా వాకిట్లో నంబరు పలక మిగిలి ఉండొచ్చు."

తలుపు చాటు నుంచి అక్క, "నా ముఖం చూసి దెప్పుతున్నావు" అంది.

"పొగుడుతున్నానే అక్కా. లోపలికొచ్చి కూర్చో. ఏదీ ముట్టుకోకు."

మొదటిసారి చదివాడు. ఫైలు వచ్చింది. కాగితం మీది సగం నంబరు అందులో వెతికితే దొరికింది కూడా, దాని పక్కనే మిగతా సగం. బావ లేచి నిలబడ్డాడు. "ఇంకేం, దొరికింది. రాసెయ్."

నిదానం క్లిప్పు తీసి మళ్లీ పెట్టి రెండోసారి చదివాడు. రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి పోల్చాడు. కలవలేదు. నంబరులోనే ఒక అక్షరం తేడా.

"చూశావా? ఒకదాంట్లో మూడు, ఇంకోదాంట్లో బీ. నీ మాట విని మొదటిది రాస్తే, బోర్డు లేచేది, నీ ప్రోగ్రాం తలుపు తీసేది కాదు. ఎందుకు తీయలేదో మనకు జన్మలో తెలిసేది కాదు."

బావ కూర్చున్నాడు. నిదానం చిప్పు కాళ్లను స్పిరిట్ ముంచిన దూదితో ఒక్కొక్కటే తుడిచాడు. రబ్బరుతో రుద్దాడు. మూడోసారి చదివాడు, నాలుగోసారి చదివాడు. అవీ కలవలేదు. క్లిప్పు పళ్లలో ఒకటి రవ్వంత వంగి ఉందని భూతద్దంలో కనిపెట్టి, సూదితో సరిచేశాడు. ఐదు, ఆరు, ఏడు కలిశాయి. మూడుసార్లు వరసగా కలిస్తేనే నమ్మడం అతను తనకు పెట్టుకున్న నియమం. అప్పటికి పొద్దు వాలింది. ఆ మూడు ఫైళ్లనూ రెండు చోట్ల దాచి, ఇంటికి వెళ్లి హాయిగా నిద్రపోయాడు. బావకే కంటి మీద కునుకు లేదు.

మూడో రోజు మధ్యాహ్నం దాకా, కొత్త బయాస్ ఫైలులో ఆ నంబరు ఎక్కడ కూర్చోవాలో చూసి, అక్కడ కూర్చోబెట్టాడు. దీపం వెలుతురులో సూదిలో దారం ఎక్కించినట్టు, ఒక్కో అక్షరం నోటితో చదువుకుంటూ చేశాడు. ఆ తర్వాత చిప్పులో రాశాడు. రాసినదాన్ని మూడుసార్లు చదివి ఫైలుతో పోల్చాడు. బోర్డు బిగించాడు. స్క్రూలు విప్పిన వరుసకు వెనక నుంచి వచ్చాయి.

ఏడుగురూ, బావా, అక్కా చుట్టూ నిలబడ్డారు. మీట నొక్కాడు. పంకా తిరిగింది. తెర నల్లగానే ఉంది.

పావు నిమిషం గడిచింది. అర నిమిషం గడిచింది. "అయిపోయిందిరా" అన్నాడు బావ.

"ఆగు బావా. ముఖం తెలియని ఇంట్లో మొదటి రోజు మేలుకుంది. అందర్నీ పరిచయం చేసుకోవద్దూ?"

నిమిషం దాటాక తెర వెలిగింది. మొదట బోర్డు పేరు, దాని కింద కొత్త డిస్కు పేరు కనిపించాయి. నిదానం పాత డిస్కులోని సరుకంతా కొత్తదానిలోకి నింపి, సాయంత్రం ఐదున్నరకు కటింగు ప్రోగ్రాం మీద నొక్కాడు. అది నంబరు అడిగింది, తీసుకుంది, తలుపు తీసింది. మేస్త్రి తోలు పరిచాడు. బ్లేడు పరుగెత్తి మొదటి ముక్క కోసింది. మేస్త్రి దాన్ని తీసి అంచులు వేలితో తడిమి, నిదానం చేతిలో పెట్టాడు. బావ బామ్మర్ది భుజం మీద చెయ్యి వేసి, చాలాసేపు తీయలేదు.

"ఇదిగో నిదానం, నీ కంటే తొందరపాటు మనిషి చేత ఈ బోర్డు ముట్టించను" అన్నాడు.

"అయితే ఇక ఎవరి చేతా ముట్టించలేవు" అంది అక్క. అందరూ నవ్వారు.

అది జరిగి ఆరేళ్లు. నోటుపుస్తకం లెక్క ప్రకారం నిదానం అప్పటి నుంచి మూడు వందల పన్నెండు బోర్డులకు బయాస్ మార్చాడు. ఒక్కటీ పోగొట్టలేదు. వేరేవాళ్లు చంపి తెచ్చినవి నలభై ఒకటి లేపాడు. నకలు తీయకుండా ఏ బోర్డూ ముట్టలేదు, నీలం గీత పాకుతుండగా కుర్చీ వదల్లేదు. భోజనం అక్కడికే తెప్పించుకుంటాడు.

ఇప్పుడు పొరుగు పట్టణంలోని సాంకేతిక శిక్షణ కళాశాల అతన్ని పిలిపించింది. ఎనభై కంప్యూటర్ల బయాస్ మార్చాలి. ఇంజనీరు పట్టాలున్నవాళ్లు ముగ్గురు మూడు రోజుల్లో చేస్తామన్నారట. నిదానం పది రోజులు పడుతుందన్నాడు. ఎందుకని అడిగిన ప్రిన్సిపాలుకు, ముందు తీసే నకలు గురించి చెప్పాడు. పని అతనికే ఇచ్చారు. ఏడో తరగతి చదివిన మనిషికి కళాశాల గదిలో బల్ల, కుర్చీ, అతని పేరు రాసిన కాగితం. ఆ కాగితం మీద అసలు పేరే ఉంది.

మార్చి రెండో తేదీ సోమవారం బయల్దేరి వెళ్లాడు. మర్నాటి నుంచి రోజుకు ఎనిమిది కంప్యూటర్లు, మధ్యలో ఆదివారం సెలవు. ఈలోగా బావ రెండో కటింగు యంత్రం తెప్పించాడు. దాని కంప్యూటరు పెట్టెకు తాడు కూడా విప్పకుండా గోడకు చేర్చి ఉంచాడు. అమ్మినవాళ్లు రోజూ ఫోను చేసి, మనిషిని పంపమంటారా, గంటలో బిగించి వెళ్తాడు అంటున్నారు.

"అక్కర్లేదు. మా బామ్మర్ది వస్తాడు" అంటాడు బావ.

"ఎప్పుడండీ?"

"పద్నాలుగో తేదీ, శనివారం, మధ్యాహ్నం బస్సుకి."