స్పార్కు దించీసేవా, బావా

మోటారు మేస్త్రీ కన్నయ్యకు వీపు గోడకు ఆనించి కూర్చోవడం అలవాటు. టీ దుకాణంలోనైనా, తన షెడ్డులోనైనా, చుట్టాలింట్లో పెళ్ళిలోనైనా వెనక ఖాళీ ఉంటే అతనికి కుదురుండదు. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే? పలకలేదేమని దగ్గరికొచ్చి మొహంలోకి చూస్తే? కొన్నేళ్ళుగా రంగూనులో అతను ఆ భయంతోనే నిద్ర లేస్తున్నాడు.

కన్నయ్యకు చెవులు పోతున్నాయి. శ్రీకాకుళం దగ్గర పల్లెనుంచి ఓడెక్కి వచ్చి మొదట రేవులో బస్తాలు మోశాడు. తర్వాత బియ్యం మిల్లులో ఇంజనుకు నూనె పోసే పని దొరికింది. వయసంతా ఆ మోతలోనే గడిచింది. ఇంజన్ల గుట్టు తెలిసిందీ అక్కడే, చెవులు దెబ్బతిన్నదీ అక్కడే. ఊళ్ళో మోటారు కార్లు పెరిగాక లత అనే పేటలో ఒక షెడ్డు చూసుకుని మేస్త్రీ అయ్యాడు. నలుగురూ పేరు చెప్పుకునే వేళకు వినికిడి తగ్గడం మొదలైంది. ఏ రోగమైనా అంతే, నోటి దగ్గరికి కాస్త ముద్ద వచ్చే సమయం చూసుకుని వస్తుంది.

మోటారు పనికి చెవులే పెట్టుబడి. కార్బొరేటరులో పెట్రోలు తక్కువైతే ఇంజను దగ్గుతుంది, ఎక్కువైతే గురగురలాడుతుంది. నిప్పురవ్వ పడాల్సిన సమయం కాస్త ముందుకు జరిగితే లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడవుతుంది. ఇదంతా వినాలి. కన్నయ్య స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి, కర్ర పిడిని పళ్ళతో కరిచి పట్టుకునేవాడు. ఆ అదురు దవడలోంచి తలలోకి ఎక్కేది, లోపలి సంగతంతా తెలిసేది. ఇదేదో గొప్ప విద్య కాబోలనుకుని లతలో కుర్ర మేస్త్రీలు కూడా స్క్రూడ్రైవర్లు కరవడం మొదలుపెట్టారు. చెవులు శుభ్రంగా ఉన్నవాళ్ళకు ఆ కర్మ ఎందుకో వాళ్ళకే తెలియాలి.

ఇంజన్ల సంగతి పళ్ళు చూసుకుంటున్నాయి, చిక్కంతా మనుషులతోనే. ఎవరేమన్నా గంగిరెద్దులా తలాడించడమే. "భోజనమైందా" అన్నా తల ఊపేవాడు, "మీ పెదనాన్న పోయాడటగా" అన్నా తల ఊపేవాడు. కన్నయ్య నెమ్మదస్తుడు, ఎవరికీ ఎదురు చెప్పడు అని దానికీ ఒక పేరు వచ్చింది. అసలు సంగతి భార్య దేముడమ్మ ఒక్కర్తికే తెలుసు.

"మా తమ్ముడికైనా సెప్పు. ఆడు పరాయోడేటి?" అని ఆమె చెవి దగ్గర నోరు పెట్టి పోరేది.

"ఒల్లకో. ఇయ్యాల ఆడికి తెలిస్తే రేపు రేవంతా తెలుస్తాది. సెవిటోడి సేతికి మోటారెవుడిస్తాడే?" అనేవాడు కన్నయ్య.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని ఒకప్పుడు తనే ఎందరినో ఎగతాళి చేశాడు. ఇప్పుడు నలుగురు ఒకచోట నిలబడి నవ్వుతుంటే చాలు, అది తన గురించేనని కుమిలిపోయేవాడు.

ఆ తమ్ముడు బుల్లియ్య, సత్యారావుగారి కారు డ్రైవరు. సత్యారావుగారు లతలో పప్పులూ మిరపకాయలూ అమ్మే షావుకారు. పెళ్ళికాని బుల్లియ్య అక్క ఇంట్లోనే ఉంటాడు, అయినా బావ తలూపుడంతా నెమ్మదితనమేనని అతనూ నమ్మాడు. బండి పని నేర్పింది బావే గనక బావ మాట అతనికి వేదవాక్కు.

రేవులో మనవాళ్ళకు ఒక కట్టు ఉండేది. బరువు లేపేముందు ఒకడు కేకవేసి అడగాలి, రెండోవాడు నోరు విప్పి జవాబు చెప్పాలి. జవాబు వినపడేదాకా తాడు లాగకూడదు. ఆ కట్టును మోటారు దగ్గరికి తెచ్చినవాడు కన్నయ్యే. అప్పట్లో కారు ముందు హేండిలు పెట్టి తిప్పితేగాని ఇంజను లేచేది కాదు. స్టీరింగు దగ్గర స్పార్కు లీవరు ఉంటుంది. ఇంజను పరుగులో ఉన్నప్పుడు దాన్ని పైకి తొయ్యాలి, హేండిలు తిప్పేముందు కిందికి దించాలి. దించకపోతే నిప్పు ముందే పడి ఇంజను వెనక్కి తన్నుతుంది, హేండిలు ఎదురు తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది. అందుకని హేండిలు పట్టినవాడు "స్పార్కు దించీసేవా?" అని అడగాలి. లీవరు దగ్గరున్నవాడు "దించీసేను" అని గట్టిగా చెప్పాలి.

ఒక వానాకాలం ఉదయం సత్యారావుగారికి చౌక్తడా పేట కోర్టులో వాయిదా పడింది. సరిగ్గా ఆ రోజే కారు మూలగడం మొదలుపెట్టింది. షావుకారు దుకాణం ముందు వీధిలోనే కన్నయ్య బానెట్ ఎత్తి పని చేయాల్సి వచ్చింది. వీపుకు గోడ లేదు. వెనక గొడుగు పట్టుకుని షావుకారు అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆయన ఏదైనా అంటున్నాడేమో, తాను పలకడం లేదేమో అని కన్నయ్య మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తున్నాడు. పని మీద సగం, ఆయన పెదవుల మీద సగం మనసు పెట్టి పెట్రోలు తగ్గించాడు, స్పార్కు లీవరు పైకి తోసి చూశాడు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

పెట్రోలు కాస్త పెంచి తలెత్తేసరికి షావుకారు నోరు ఆడుతోంది. తిడుతున్నాడా, అడుగుతున్నాడా? కన్నయ్య కంగారుగా తల ఊపాడు. ఆ కంగారులో లీవరు సంగతి మరిచిపోయాడు. ఇంతలో కారు ముందు హేండిలు పట్టుకుని వంగిన బుల్లియ్య తల పైకి లేచింది. "స్పార్కు దించీసేవా, బావా?" అన్నాడు. తిప్పమంటావా అని అడుగుతున్నాడనుకుని కన్నయ్య దానికీ తల ఊపాడు.

కట్టు ప్రకారం బుల్లియ్య నోటిమాట కోసం ఆగాలి. కానీ బావను రెండోసారి అడగడమంటే బావను శంకించడమే. అడగలేక హేండిలు తిప్పాడు.

కారు ఒక్క కుదుపు కుదిపింది. చూస్తే బుల్లియ్య తడి రోడ్డు మీద కూలబడి, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని నోరు తెరిచి ఉన్నాడు. ఆ అరుపు వీధి వీధంతా విన్నది, కన్నయ్య తప్ప. లీవరు వంక చూశాడు. పైనే ఉంది. కుర్రాడు అడిగిందేమిటో అప్పటికి అర్థమైంది, అతనికి పైప్రాణాలు పైనే పోయాయి.

షావుకారు వంగి బుల్లియ్యను ఏదో అడిగాడు. బుల్లియ్య పళ్ళు బిగబట్టి ఏదో చెప్పాడు. ఏం చెబుతున్నాడు? బావ తలూపాడని చెబుతున్నాడా? చెబితే ఈ పూటతో షెడ్డు మూతే. షావుకారు ఇటు తిరిగి గడ్డం ఎగరేసి అతన్నేదో అడిగాడు.

మెడ అలవాటుగా కదలబోయింది. ఒక్కసారి ఊపితే ఆ అడిగేదేదో అయిపోతుంది, ఇన్నాళ్ళూ అలాగే అయిపోయింది. కానీ ఆ ఊపే కదా కుర్రాడి చెయ్యి విరగ్గొట్టింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"బాబూ, మీరేటడిగేరో నాకు తెల్దు. నాకు ఇనబడదు. శానా కాలమై ఇనబడదు. స్పార్కు దించీసేవా అని ఈడడిగేడు, అదీ ఇనబడ్నేదు. ఊరికినే తలూపీసేను," అన్నాడు.

బుల్లియ్య ఏం చెప్పాడో ఆ సాయంత్రం దేముడమ్మ చెవిలో అరిచి చెబితే తెలిసింది. "నేనే అడగడం మర్సిపోనాను బాబూ, బావ తప్పు నేదు," అన్నాడట. అది నిజమేనా అనే షావుకారు గడ్డం ఎగరేశాడట. అప్పుడు తల ఊపి ఉంటే చెయ్యితోపాటు కుర్రాడి ఉద్యోగం కూడా పోయేది. కన్నయ్య మొహం గోడకు తిప్పుకుని చాలాసేపు ఏడ్చాడు.

చెయ్యి అతుక్కునేదాకా బుల్లియ్య పని అతనికే ఉంచాడు షావుకారు. కారు ట్యూనింగు మాత్రం ఇంకో మేస్త్రీకి ఇచ్చాడు. కన్నయ్య భయపడినట్టే వార్త రేవుదాకా పాకింది, కొందరు నవ్వారు కూడా. ఇప్పుడు అతని షెడ్డుకు టైర్లూ స్ప్రింగులూ తప్ప ఇంజన్లు రావడం లేదు.

బుల్లియ్య కుడిచేతికి బద్దలు కట్టారు. ఎడంచేత్తో తినలేడు గనక ముద్దలు తనే పెడతానని కన్నయ్య పట్టుబట్టాడు. రెండో రోజు అన్నంలో చేపల పులుసు కలిపి ముద్ద నోటికి అందిస్తుంటే బుల్లియ్య ఏదో అన్నాడు. కన్నయ్య తల ఊపాడు. ఊపి, సగంలో ఆపుకున్నాడు.

"ఏటి?"

బుల్లియ్య మళ్ళీ అన్నాడు.

"ఇనబడ్నేదురా. గట్టిగా సెప్పు."

బుల్లియ్య ముద్ద మింగి, బావ చెవి దగ్గరికి వంగాడు. "ఉప్పు నేదు బావా. నిన్న కూడా సెప్పేను."

కన్నయ్య కంచం పక్కన పెట్టి ఉప్పు కోసం లేచాడు.