మా లాగ్ బుక్కులో లేని అక్కయ్య

2005 జూన్‌లో నన్ను విశాఖపట్నంలోని మా రేడియో కేంద్రంలో వినోద విభాగానికి మార్చారు. హోదా ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్. కార్యక్రమం ఆలోచించిన దగ్గర్నుంచి అది ప్రసారమయ్యేదాకా మంచికీ చెడ్డకీ జవాబు చెప్పుకోవలసిన కుర్చీ అది. అంతకుముందు, తొంభైలలో, అదే కేంద్రంలో డ్యూటీ ఆఫీసరుగా షిఫ్టులు చేశాను. ప్రసారమైన ప్రతి పాటనీ, మాటనీ వేళతో సహా లాగ్ బుక్కులో రాసి సంతకం పెట్టడం డ్యూటీ ఆఫీసరు పని.

నగరానికి ప్రైవేటు ఎఫ్.ఎం.లు వస్తాయని అప్పటికే గట్టిగా వినబడుతోంది. శ్రోతలు చేజారకుండా ఏదైనా చెయ్యమన్నారు మా డైరెక్టరు గారు. ఆదివారం ఉదయం తొంభైల నాటి సినిమా పాటలతో ఫోన్-ఇన్ మొదలుపెట్టాను. అంటే శ్రోతలు ఫోన్ చేసి అడిగిన పాటని అప్పటికప్పుడు వెయ్యడం.

మొదటి వారమే గాజువాక నుంచి ఒక లారీ మెకానిక్ మాట్లాడాడు. “పాటలు బాగున్నాయి గానీ సార్, అక్కయ్యేదీ?” అన్నాడు. ఏ అక్కయ్య అని అడిగాను. “అదేటి సార్, మీకు తెల్దా? పాటకీ పాటకీ మద్దిన మాటాడేది కదా. అటు తిప్పండి, అక్కడ కూడా నేనే ఉంటాను అనేది.”

పొరపాటు పడ్డాడనుకున్నాను. తర్వాతి వారం పెందుర్తి నుంచి ఒక గృహిణి, స్టీల్ టౌన్‌షిప్ నుంచి ఒక ఫోర్‌మన్ అదే మాట, అదే వాక్యంతో సహా చెప్పారు. పాత లాగ్ బుక్కులు తీయించాను. అలాంటి కార్యక్రమం లేదు, అలాంటి అనౌన్సరూ లేదు. ఆ పుస్తకాల్లో చాలా సంతకాలు నావే. అయినా మూడో వారం వచ్చేసరికి నాకూ అనుమానం పట్టుకుంది. స్టూడియో అద్దం అవతల నీలం చీరలో ఒకావిడ నవ్వుతూ చదువుతున్నట్టు గుర్తొస్తోంది. అది గుర్తో, విని విని నేను కల్పించుకున్నదో తేల్చుకోలేకపోయాను. ఒక్క విషయం మాత్రం అసలు మింగుడుపడలేదు. ఏ రేడియో అయినా శ్రోతని అటు తిప్పమని ఎందుకంటుంది? తిప్పితే ఇంకో స్టేషన్ వస్తుంది కదా!

చివరికి ఆ సంగతి ప్రసారంలోనే అడిగాను. తెలిసినవాళ్ళుంటే చెప్పమన్నాను.

రెండురోజులకి ఒక జంట మా ఆఫీసుకి వచ్చింది. ఆయన పేరు ప్రకాశరావు, సొంతూరు తణుకు దగ్గర. తొంభైలలో మల్కాపురంలో క్యాసెట్ రికార్డింగ్ షాపు నడిపాడు. కావలసిన పాటలు చెబితే ఖాళీ క్యాసెట్ మీద ఎక్కించి ఇచ్చే షాపు. సీడీలొచ్చి అది మూతపడ్డాక అచ్యుతాపురం వైపు ఒక ఫ్యాక్టరీలో స్టోరు చూస్తున్నాడు. ఆవిడ ఆయన భార్య సలోమి, మల్కాపురం పిల్ల, చిన్నపిల్లల బళ్ళో టీచరు.

“మా క్యాసెట్లని పక్క షాపులోళ్ళు కాపీలు కొట్టేసేవోళ్ళండి,” అన్నాడు ప్రకాశరావు. “గుర్తుగా ఉంటుందని మధ్యమధ్యలో ఈవిడ చేత మాట్లాడించానండి. చర్చిలో వాక్యం చదివేది, గొంతు బాగుండేది.”

అటు తిప్పమన్నది క్యాసెట్‌ని, రెండో వైపుకన్నమాట. కాపీలు ఆగలేదు; ఆవిడ గొంతుతో సహా ఆటోల్లో, టీ కొట్లలో తిరిగాయి. జనం దాన్ని రేడియో అనుకున్నారు.

డైరెక్టరు గారికి ఈ కథ నచ్చింది. ఆదివారం ఆవిడని ప్రసారంలోకి తెమ్మన్నారు. శ్రోతలు ఆదరిస్తే ప్రతివారం ఆవిడ చేతే నడిపిద్దామన్నారు. ప్రకాశరావు ఆ వారం నాకు ఫోన్ చేసి, రిహార్సల్ రోజులకి ఆవిడ బళ్ళో సెలవు సంగతి మాట్లాడుకోవచ్చా అని కూడా అడిగాడు.

ఆదివారం సలోమి మైకు ముందు కూర్చుని స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా మాట్లాడింది. మొదటి ఫోన్ ఆ మెకానిక్‌దే. “అమ్మా, బాగా సెప్తన్నారు. కానీ మీరు అక్కయ్య కాదు.” తర్వాత ఫోన్ చేసిన ముగ్గురిదీ అదే తీర్పు. ఒకావిడైతే, ఎవరినో తెచ్చి మోసం చేస్తున్నారంది.

ప్రకాశరావు దంపతులు తెచ్చిన పాత క్యాసెట్‌లోంచి మాటల ముక్క ఒకటి వేయించాను. వెంటనే ఫోన్లు. “ఇదే! ఇదే అక్కయ్య!”

“ఆ గొంతు నాదేనండి,” అంది సలోమి మైకులో. ఎవరూ ఒప్పుకోలేదు.

క్యాసెట్ గొంతు సన్నగా, హుషారుగా ఉంది. రికార్డు చేసిన డెక్కు మోటారు నెమ్మదిగా తిరిగి ఉంటే, మామూలు వేగంతో వేసినప్పుడు అలా వినబడుతుందని మా ఇంజినీరు చెప్పాడు. అది కొంతవరకే సరిపోయింది. పదేళ్ళ వయసు కూడా ఉంది మధ్యలో. కంట్రోల్ రూములో నా పక్కన నిలబడిన ప్రకాశరావు రెండు గొంతులూ మార్చి మార్చి విన్నాడు. “మరి... నాకూ తేడాగానే అనిపిస్తోందండి,” అన్నాడు. తన చేత్తో రికార్డు చేసినవాడే!

మా మాటలు స్టూడియో లోపలికి వినిపించే స్పీకరు తెరిచే ఉంది. సలోమి తలెత్తి అద్దంలోంచి చూసింది. “ఏటి, నువ్వు కూడానా?”

ఆయన తల వంచుకున్నాడు. పాట వేసి మైకు ఆపాం. డైరెక్టరు గారు లోపలికెళ్ళి, క్యాసెట్‌లోలాగా కాస్త సన్నగా మాట్లాడి చూడమన్నారు. ఆవిడ ఒక్క వాక్యం ప్రయత్నించి ఆగిపోయింది. “అప్పుడు నాకు పెళ్ళైన కొత్త సార్. ఆ గొంతు ఇప్పుడెక్కడ్నించి తెమ్మంటారు? ఆ పిల్లనే పెట్టుకోండి. నాను ఇంటికెల్తాను.”

అలాగే చేశాం. ఆవిడ అనుమతి రాసిచ్చాక, పాటల మధ్య క్యాసెట్ ముక్కలే వేశాం. ఎఫ్.ఎం.లు వచ్చి మా ఆదివారాన్ని మింగేసేదాకా ఆ కార్యక్రమం బాగానే నడిచింది. అక్కయ్యని చూడాలని ఉత్తరాలు వచ్చేవి. వాటిని సలోమికి పంపాలా, ఫైల్లో పెట్టాలా అని నేను డైరెక్టరు గారిని అడిగితే ఆయన నన్నే నిర్ణయించమన్నారు. పంపాను. జవాబు రాలేదు.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న సంగతి ఒకటుంది. పాతది మళ్ళీ కావాలని శ్రోత అడిగినప్పుడు, ఎవరు పాడారు, ఎవరు మాట్లాడారు అని వెతికితే సరిపోదు. అతను ఎక్కడ కూర్చుని, దేనిలోంచి విన్నాడో ముందు అడగాలి. ఆ తర్వాత కూడా, అసలు మనిషిని తెచ్చి ముందు కూర్చోబెట్టే పని మాత్రం పెట్టుకోకూడదు.