బావ ముక్కూ, నా కారు ఫిల్టరూ

ఆ రోజుల్లో నాకు దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో కొత్త ఉద్యోగం, చేతిలో ఒక పాత కారు ఉండేవి. ఆ వయసులో మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? వాటిని ఎవరూ ఒక్క మాట అనకుండా ఉంటే చాలు. అదే మా బావకు చేతకాలేదు. (మా అక్క మొగుడు. నరసరావుపేటలో ఎరువుల కొట్టు. మనసు మంచిదే. నోటి సంగతి మీరే చూస్తారు.) ఒక నిశ్చితార్థం భోజనాల్లో బంతి బంతంతా వినేట్టు, "మా బామ్మర్ది కారెక్కితే మొహానికి పౌడరు అక్కర్లా. ఏసీ ఏస్తే చాలు, సిమెంటు అదే కొడద్ది" అన్నాడు. అందరూ నవ్వారు. పాయసం వడ్డిస్తున్నవాడు గరిటె గాల్లో ఆపి మరీ నవ్వాడు. ఆ గరిటెవాణ్ణి కూడా నేనింకా మర్చిపోలేదు.

అంతటితో పోయినా బాగుండేది. మాచర్లలో మేనమామ ఇంటి గృహప్రవేశానికి అందరం నా కారులోనే వెళదామంటే, "మేం బస్సులో వస్తాంలే" అని కబురు పెట్టాడు. అమ్మ కూలబడింది. "కొడుకు కార్లో, అల్లుడు బస్సులోనా? మా పుట్టింటోళ్లు ఏమనుకుంటారు?" అంది. దాంతో పట్టుదలొచ్చింది. బావ నా కారెక్కాలి, ఆ సిమెంటు మాట వెనక్కి తీసుకోవాలి.

కారు లోపలికొచ్చే గాలికి ఒక ఫిల్టరు ఉంటుందనీ, అది నిండిపోతే ఇట్లాగే అవుతుందనీ ఫ్యాక్టరీలో ఒకాయన చెప్పాడు. గురజాలలో కొత్త ఫిల్టరు కొన్నాను. నేనే బిగించుకుంటానంటే కొట్టువాడు నన్ను కింద నుంచి పైదాకా చూసి, "మీవల్ల కాద్సార్, బండి వదిలేసి పొండి" అన్నాడు. (ఇదొకటి.) ఇక బ్రహ్మదేవుడొచ్చినా ఆ పని వేరేవాళ్ల చేత చేయించే ప్రశ్నే లేదు.

ఇంటికొచ్చేసరికి వాకిలంతా మిరపకాయలు. నాన్న, కూలీలు ముక్కులకు తువాళ్లు కట్టుకుని ఎండు మిరపకాయల్ని గోతాల్లో తొక్కుతున్నారు. నీడ అక్కడే ఉంది కాబట్టి కారు పక్కనే ఆపి, నేనూ ఒక తువాలు కట్టుకున్నాను. ముందు సీటు ఎదురుగా కాగితాలు పెట్టుకునే పెట్టె ఉంటుంది కదా, దాన్ని ఖాళీ చేసి, రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి వాలింది. వెనకాల సన్నటి మూత. అది తీసి లాగితే ముడతలు ముడతలుగా ఉన్న అట్టలాంటిది వచ్చింది. ముడతల నిండా సిమెంటు, పత్తి నూగు, ఎండుటాకుల పొడి. బావ అన్నది నిజమేనని తెలిసిపోయింది. నిజమైతే మాత్రం బంతిలో అనొచ్చా?

మా ఇళ్లలో ఒక అలవాటుంది. పొలానికి మందు కొట్టే స్ప్రేయరైనా సరే, మందు పోసేముందు ఉత్త నీళ్లతో ఆడించి కడుగుతాం. కారుకు మాత్రం ఆ మర్యాద ఎందుకు తక్కువ చేయాలి? తలుపులన్నీ తెరిచి, ఫిల్టరు చోటు ఖాళీగా ఉంచి, లోపలి దుమ్మంతా పోయేట్టు ఫ్యాను పూర్తిగా తిప్పాను.

"ఏందిరా ఆ మోత?" అని నాన్న అరిచాడు.

"కడుగుతన్నా నాన్నా!"

చాలాసేపు కడిగాను. తర్వాత బాణం గుర్తు చూసుకుని కొత్త ఫిల్టరు తోశాను. మూత టక్కున పడింది. కొత్త ఫిల్టరు బయటి దుమ్మును ఆపుతుంది. అప్పటికే లోపలికి పోయినదాన్ని ఆపదని ఆ డబ్బా మీద ఎక్కడా రాయలేదు. అంచేత తప్పు నాది కాదు.

బావకు ఫోను చేసి, "సిమెంటు రేణువు కనపడితే నేనే బస్సెక్కుతా" అని పందెం కాశాను. గృహప్రవేశం రోజు పొద్దున్నే అక్కతో వచ్చాడు. నాన్న మిరపకాయల దగ్గర ఉండిపోయాడు. ముందు సీట్లో బావ, వెనక అమ్మ, అక్క. ఊరు దాటాక అద్దాలు ఎత్తి, ఏసీ వేసి, "ఎట్టుంది బావా?" అన్నాను.

బావ గుండెల నిండా గాలి పీల్చాడు. జవాబు చెప్పడానికి నోరు తెరిచి తుమ్మాడు. వెంటనే అక్క, ఆపైన అమ్మ, ఆఖర్న నేను. రెంటచింతల ఇంకా రాకముందే కారు ఆపి, తలుపులన్నీ బార్లా తెరిచి, రోడ్డు మీద నిలబడి తుమ్ముకున్నాం. లారీలవాళ్లు నెమ్మదించి చూసిపోయారు.

"ఒరే బామ్మర్దీ," బావ కళ్లు తుడుచుకున్నాడు, "పోయినసారి సిమెంటు పెట్టావ్, ఇయ్యాల కారం పెట్టావ్. అన్నం ఎప్పుడు పెడతావురా?"

"సిమెంటైతే రాలేదుగా! ఆ మాట వెనక్కి తీసుకో."

"ముందు తుమ్ములాగనీ."

"ఆగినాక తీసుకుంటావా?"

"ఎక్కండయ్యా ఇద్దరూ! ముహూర్తం దాటిపోద్ది," అంది అక్క, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య.

మాచర్లలో బావ ఎర్రటి కళ్లతో కనపడినవాళ్లందరికీ ఈ కథ చెప్పాడు. నేను ఒక మూల కూర్చుని, నవ్వినవాళ్ల మొహాలు గుర్తుపెట్టుకున్నాను. సాయంత్రం బయల్దేరేటప్పుడు చుట్టాల్లో ఒకాయన తన కొత్త పెద్ద కారు తలుపు తీసి, "అల్లుడుగారూ, మా బండిలో రండి. చల్లగా పోదాం" అన్నాడు. కారెక్కబోతున్న అమ్మ ఆగి బావ వైపు చూసింది. బావ నా కారు టాపు మీద ఒక్కటి చరిచి, "మా బామ్మర్ది బండిలో తుమ్మితేగాని నాకు తిన్నది అరగదండీ" అని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. అద్దాలు దించుకుని, వేడిగాలి మొహాన కొట్టించుకుంటూ ఇల్లు చేరాం. దారిపొడుగునా అమ్మ నవ్వుతూనే ఉంది.

కారు మారింది. ఫిల్టరు ఇప్పటికీ నేనే మారుస్తాను, మిరపకాయలకు ఆమడ దూరంలో. బావకు జుట్టు నెరిసింది. కారెక్కిన ప్రతిసారీ కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని నావైపు చూస్తాడు. ఆ సిమెంటు మాట ఇంకా వెనక్కి తీసుకోలేదు. నేనూ అడగడం మానలేదు. ఈ మధ్య మాత్రం అడిగినప్పుడల్లా, ఎక్కడ తీసేసుకుంటాడోనని కొంచెం బెంగగా ఉంటోంది.