కొండవాన రొటీన్

మా మేనత్త రేణుకాదేవికి యాభై తొమ్మిదేళ్లు. ఆత్మకూరు బజారులో మా హోల్‌సేల్ కిరాణా అంగడి మీది గదిలో కూర్చుని ఫోర్ట్రాన్ అనే పాతకాలపు కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాములు బాగు చేస్తుంది. కింద చింతపండు బస్తాలు దించుతుంటే పైనుంచి, "అరవకండ్రా, లూపు తెగిపోతాది!" అని కసురుతుంది. మా హమాలీలకు లూపంటే ఏమిటో తెలియదు గానీ, అది తెగకూడనిదని మాత్రం తెలుసు.

ముప్పై ఏళ్ల కిందట చెన్నైలో ఒక ఆఫీసులో, ఎంత వానకు ఏ చెరువులోకి ఎంత నీరొస్తుందో చెప్పే ప్రోగ్రాము రాసినవాళ్లలో అత్త ఒకతె. పక్క కుర్చీ ఉదయగిరి జయపాల్‌ది. పెళ్లి చేసుకుందామని ఆయన అడిగితే, ఈ వానాకాలం ఫలితాలు రానీ చెబుతానందట. అవి వచ్చేలోగా మా తాతకు పక్షవాతం వచ్చింది. సెలవు పెట్టి వచ్చిన మనిషి ఏడాది దాకా తిరిగి వెళ్లలేదు, ఆయనకొక ఉత్తరం ముక్క రాయలేదు. జయపాల్ ఉద్యోగం వదిలేసి ఉదయగిరి వెళ్లి, చెక్క గరిటెలు చెక్కే తమ ఇంటి వృత్తిలో పడ్డాడు. పెళ్లీ చేసుకున్నాడు. ఆ భార్య పోయి నాలుగేళ్లయిందని విన్నాం. నాకు అత్త మీద జాలి కంటే కోపమే ఎక్కువ. నోరుండీ మాట్లాడనివాళ్లను నేను క్షమించలేను.

ఇప్పుడా ప్రోగ్రామునే శుభ్రం చేయమని పాత ఆఫీసువాళ్లు ఆమెకు అప్పగించారు. ప్రోగ్రాములో ఒక్కో పనికి ఒక్కో ముక్క ఉంటుంది, దాన్ని రొటీన్ అంటారు. వాటిని వెదికే టూలొకటుంది. ప్రోగ్రామును నడపకుండానే చదివి, ఏ రొటీన్ ఏ రొటీన్‌ను పిలుస్తుందో వంశవృక్షంలా గీసిపెడుతుంది. ఎవరూ పిలవనివాటిని ఒక జాబితాలో పడేస్తుంది. అవి తీసెయ్యాలి. నలభై రెండు పడ్డాయి. అత్త ఒక్కొక్కటే చూసి కొట్టేస్తూ వచ్చింది.

మొన్న శనివారం అన్నం తింటూ, "ఒకటే మిగిలుండాది. సాయంత్రానికి పంపిస్తే పనైపోతాది," అంది. మొహంలో సంతోషమేమీ లేదు.

ఆ మిగిలింది జయపాల్ రాసిన 'కొండవ'. కొండ మీద కురిసిన వాన ఎంతసేపటికి కిందికి దిగుతుందో చెప్పే రొటీన్. అప్పట్లో పేరు ఆరు ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదు గనుక ఆ మహానుభావుడు కొండవానను KONDAV దగ్గరే నరికేశాడు.

నేను కాఫీ తీసుకుని పైకెళ్లేసరికి అత్త ప్రోగ్రాము కాగితం మీద 'ఎక్స్‌టర్నల్ కొండవ' అన్న లైను కింద పెన్సిలు గీత గీసి ఉంది. ఫోర్ట్రాన్‌లో అలా రాసి ఒక రొటీన్ పేరును ఇంకో రొటీన్ చేతికిచ్చి పంపొచ్చు. అక్కడ దాన్ని వేరే పేరుతో పిలుస్తారు. అలాంటిచోట ఈ టూలు బోల్తా పడుతుంది. అంటే కొండవ బతికే ఉంది, తీయకూడదు. ఇది అత్తే నాకు పదిసార్లు చెప్పిన సంగతి.

అయినా జయపాల్‌కు చేద్దామని ఫోన్ తీసింది. నంబరు ఎప్పుడు సంపాదించిందో నేను అడగలేదు. ఇన్నేళ్లూ ఆ గొంతు వినాలని ఎంత ఉన్నా వంక దొరకలేదు. ఈ పని పంపించేస్తే ఇక దొరకదు కూడా. చెవి కాస్త మందం గనుక స్పీకరు పెట్టింది.

"జయపాల్ గారేనా? నేను రేణుకను. ఆత్మకూరు."

అవతల ఉలి చప్పుడు వినిపించింది. "ఆపరా కాసేపు," అని ఎవరికో చెప్పాడాయన. "చెప్పు రేణుకా."

"మీ కొండవను ఎవురూ పిలవడం లేదంటాది టూలు. తీసేసేదా?"

"షుగరొచ్చి నాకు చూపు పోయింది. చదివి వినిపించు."

అత్త చదివింది. నూటపన్నెండు లైన్లు, నంబర్లతో సహా. ఆయన ఊకొడుతూ విన్నాడు. ఒకచోట, "అక్కడ కామా ఉండాలే," అన్నాడు. ఉంది.

"తీసెయ్యొద్దు," అన్నాడు చివరికి. "పేరు చేతికిచ్చి పంపినాను. ఎక్స్‌టర్నల్ లైను చూసుకో. అయినా ఇది నీకు తెలీదా ఏంది? నాకు నేర్పింది నువ్వే గదా."

అత్త పైటకొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆయన లేక ఆమెకు ఎంత లోటో నాకు అప్పుడు తెలిసింది. నా కోపం ఎటు పోయిందో పోయింది.

"జాబితాలో ఇంకెన్ని ఉండాయి?" అని ఆయనే అడిగాడు.

ఆ కాగితం ఆమె ముందే ఉంది. కొండవ తప్ప అన్నీ కొట్టేసి ఉన్నాయి.

"పద్దెనిమిది ఉండాయి," అంది అత్త. "రోజుకొకటి చదువుతాను."

"పద్దెనిమిదేనా?" అన్నాడు జయపాల్.