రంగూన్ వెళ్ళొచ్చిన తాడు

రంగూన్ సారమ్మ సముద్రంలో పోతున్న ఓడకి తాడు కట్టి కొల్లేటిదాకా లాక్కొచ్చిందని కైకలూరు సంతలో ఒకరు మొదలుపెడితే, ఆ ఓడ వెనకాల రెండు తిమింగలాలు కూడా వచ్చాయని పక్కవాడు కలిపేవాడు. తిమింగలాల సంగతి అబద్ధం. ఓడ సంగతీ అబద్ధమే. తాడు మాత్రం నిజం. ఆ తాడుతో ఆవిడ లాక్కొచ్చింది ఓడకంటే బరువైనదాన్ని.

కొల్లేటి లంకల్లో పిల్లలు నేలమీద కూర్చోవడానికి ముందే దోనెలో కూర్చోవడం నేర్చుకుంటారు. తల్లి తుంగ కోతకి వెళితే చంటివాడూ వెళ్ళవలసిందే. తాటిమాను తొలిచిన దోనె, తుమ్మినా ఊగుతుంది. తల్లి రెండు చేతులూ దోనె తోసే గెడమీద ఉంటాయి. అందుకని పిల్లవాడి నడుముకి మెత్తని నారతాడు కట్టి, రెండో కొస తన నడుముకి ముడివేసుకుంటుంది. ఆ ముడి ఎవరి నడుముకి ఉంటే పిల్లవాడు వారి పూచీ. తల్లి అలిసిపోయి ఆ కొసని ఇంకొకరికి కట్టిందంటే, కట్టించుకున్న మనిషి అడిగించుకోకుండా దాన్ని మళ్ళీ తెచ్చి తల్లి నడుముకే కట్టాలి. ఈ మాట తప్పినవాళ్ళు లంకలో లేరు. తప్పవచ్చునని తోచేంత తెలివిగలవాళ్ళు అక్కడింకా పుట్టలేదు.

అంత తెలివి రంగూన్ నుంచి వచ్చింది. వెయ్యిన్ని తొమ్మిదివందల ముప్ఫైనాలుగు వేసవిలో, సారమ్మ ఆడబిడ్డ కనకరత్నం పట్టు గొడుగు వేసుకుని లంకలో దిగింది. సారమ్మ మొగుడు ఇస్సాకు రంగూన్‌లో బియ్యం మిల్లులో పని చేస్తున్నాడు. కనకరత్నం మొగుడు అదే మిల్లులో మేస్త్రీ. ఆ దంపతులకి పిల్లలు లేరు. ఇస్సాకు వెళ్ళిన తర్వాత పుట్టిన కొడుకు కృపావరం ఇంకా మొహం తెలియని తండ్రి పేరుని నీళ్ళకాకులతో చెప్పుకుంటున్నాడు.

"తమ్ముడు మిమ్మల్నిద్దర్నీ తీసుకురమ్మన్నాడు," అంది కనకరత్నం. "అక్కడ వానకి కూడా మర్యాద తెలుసు సారమ్మా. ఏవండీ అని పిలిచి, మనం గొడుగు విప్పాకే పడుతుంది."

సారమ్మ తల్లి యేసమ్మకి వాన మర్యాదమీద నమ్మకం కుదరలేదు. "చంటివాణ్ణి పెట్టుకుని అంత సముద్రం ఎలా దాటుతావే?"

"నీళ్ళు మనకి కొత్తా అమ్మా?" అంది సారమ్మ. కొల్లేటివాళ్ళందరికీ ఉన్న గర్వమే అది. సముద్రమంటే గట్టు కాస్త దూరంగా ఉన్న కొల్లేరని ఆవిడ అనుకుంది. తుఫానులో కూడా దోనెలో నిలబడి జడ వేసుకున్న మనిషి అలా అనుకోక ఏం చేస్తుంది?

ఏలూరులో రైలెక్కారు. తాడేపల్లిగూడెం స్టేషనులో పిల్లవాడు ఏడిస్తే, సారమ్మ పైట సర్దుకునేలోపే కనకరత్నం సంచీలోంచి సీమపాల డబ్బా తీసింది.

"నా దగ్గర ఉన్నాయి కదండీ వదినగారూ."

"ఉన్నాయిలేవే. ఓడలో నీ ఒళ్ళెలా ఉంటుందో ఏమో. వాడికిది అలవాటు కావద్దూ?"

ఎంత ముందుచూపు, అనుకుంది సారమ్మ. ఆ మాట తర్వాత చాలా ఏళ్ళు ఆవిడ గొంతులో ముల్లులా ఉండిపోయింది.

కాకినాడలో ఓడ ఒడ్డుకి రాదు. పడవలో దానిదాకా వెళ్ళి, దాని పక్కనుంచి వేలాడే మెట్లెక్కాలి. పిల్లవాణ్ణి నడుముకి కట్టుకుని సారమ్మ ఉడతలా ఎక్కేసింది. "కొల్లేటి మనిషినమ్మా," అని అడక్కుండానే అందరికీ చెప్పుకుంది. గట్టు కనుమరుగయ్యేసరికి ఆ కొల్లేటి మనిషి డెక్కుమీద బోర్లా పడి, పుట్టినప్పటినుంచీ తిన్నదంతా సముద్రానికి అప్పగించింది. జీవితంలో తేమ చూడని నల్లజర్ల మెట్ట రైతులు పక్కనే కూర్చుని చుట్ట కాలుస్తున్నారు.

"మీ కొల్లేరు ఇంత ఊగదు కాబోలమ్మా," అన్నాడొకడు.

పిల్లవాడు రెయిలింగు వైపు పాకుతున్నాడు. తాడు లాగినప్పుడల్లా ఆవిడ పేగులు లాగినట్టుంది. అప్పుడు తన చేత్తోనే ముడి విప్పి, తాడు కొసని వదినగారి నడుముకి కట్టింది. లంకలో అయితే ఎలా కడుతుందో అలాగే, రెండు చుట్లు చుట్టి, ఒక ముడి వేసి.

"నాకు కాస్త తెరిపినిచ్చేదాకా చూడండి."

"పడుకోవే పిచ్చిదానా. వీడు నాకు పరాయివాడా?"

పిల్లలున్న ఆడవాళ్ళకి గుడ్డపందిరి కింద చోటిచ్చారు. కనకరత్నం కృపావరంతో అక్కడికి మారింది. డబ్బాపాలు తాగి వాడు ఆవిడ ముక్కు పట్టుకుని నవ్వుతుంటే, ఎండలో పడున్న సారమ్మ దూరంనుంచి చూసి సంతోషపడింది. ఒళ్ళు కుదుటపడ్డాక తాడు తిరిగి వస్తుందని చూసింది. రాలేదు. అడగటానికి మొహమాటపడింది. కొల్లేట్లో ఎవరూ అడగరు మరి.

రంగూన్ రేవులో పిల్లల తల్లుల్ని ముందు దింపారు. తాడు నడుముకున్న కనకరత్నమే తల్లి అనుకున్నాడు దింపేవాడు. ఆవిడ కాదనలేదు. వెనక మిగిలిన సారమ్మ జబ్బమీద టీకా మచ్చ లేదు. ఆవిడకి టీకా వేసి, మరికొందరితో కలిపి రేవు పక్కన షెడ్డులో ఉంచారు. షెడ్డు తడికల్లోంచి ఆవిడ ఇస్సాకుని చూసింది. అతను కొడుకుని ఎత్తుకున్నాడు. సారమ్మ చెయ్యి ఊపింది. అతను ఇటే చూశాడు. చూసి, అక్క వెనకాల నడిచి వెళ్ళిపోయాడు.

మర్నాడు వస్తారనుకుంది. ఆ మర్నాడనుకుంది. పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది. షెడ్డులో వంటవాడు ముస్తాక్ ఏలూరు తివాచీలవాళ్ళ అబ్బాయి. అతనే ఆవిడకి గంజి పోశాడు. వదిలిపెట్టిన రోజున మిల్లు కూలీలుండే వీధి చూపిస్తానని వెంట వచ్చాడు.

కనకరత్నం ఇంట్లో పొయ్యిమీద పాలు కాగుతున్నాయి. ఇస్సాకు గుమ్మంలో కూర్చున్నాడు. నారతాడు కొస మంచం కోడుకి కట్టి ఉంది. ఇంకో కొసన కృపావరం చెంచాతో నేలని కొడుతున్నాడు.

"వచ్చేశావా," అన్నాడు ఇస్సాకు. నేల చూస్తూ అన్నాడు. "అక్కకి పిల్లలు లేరు కదా. వీణ్ణి ఇక్కడ బళ్ళో వేస్తారు, మేస్త్రీ చేస్తారు. మనకింక పుట్టరా ఏంటి?"

"ఈ మాట ఎప్పుడనుకున్నారండీ?"

"అక్క ఊరికి బయల్దేరినప్పుడే."

"మరి నన్నెందుకు రప్పించారు?"

కనకరత్నం పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరక్కుండానే అంది. "డబ్బా అలవాటయ్యేదాకా దారిలో పాలు కావద్దూ?"

తాడేపల్లిగూడెం స్టేషను, డబ్బా, ఆ ముందుచూపు, అన్నీ సారమ్మకి అప్పుడు అర్థమయ్యాయి. అరవలేదు. మంచం దగ్గరికి వెళ్ళి కోడుకున్న ముడి చూసింది.

"మంచానికి కట్టారా వదినగారూ," అంది. ఆ ముడి విప్పి, కొసని తన నడుముకి కట్టుకుంది.

పిల్లవాడు ఆవిడని చూసి కెవ్వున ఏడ్చి, కనకరత్నం చీర కుచ్చిళ్ళు పట్టుకున్నాడు. మొగుడు చేసింది ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. కనకరత్నం చిన్నగా నవ్వింది. "చూశావా? లాక్కుపో, ఎలా లాక్కుపోతావో."

సారమ్మ లాగలేదు. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. తుంగలో దోనె ఎలా ఊగుతుందో అంతే నెమ్మదిగా. ఆవిడ ఊగినప్పుడల్లా తాడు బిగిసి, వదులై, పిల్లవాడి నడుముమీద మెత్తగా తగులుతోంది. పొయ్యిమీద పాలు పొంగి నిప్పులమీద పడ్డాయి. ఎవరూ లేవలేదు. వాడి ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. తాడు వంక చూశాడు. దాన్ని పట్టుకుని, అది వచ్చే వైపుకి ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చి, ఆవిడ ఒళ్ళో కూర్చుని తనూ ఊగాడు.

"ఎక్కడికి పోతుందట," అంది కనకరత్నం తమ్ముడితో. "ఊరు తెలుసా, భాష తెలుసా, తోవ తెలుసా?"

"తోవ నాకు తెలుసండీ," అన్నాడు వీధిలోంచి ముస్తాక్.

ఇస్సాకు గుమ్మంలోంచి కాళ్ళు ముడుచుకున్నాడు. ఆ మాత్రం చోటు చాలింది.

సారమ్మ వేరే మిల్లులో ఊక ఎత్తి, పిల్లవాడు నడుముకి ఉండగానే చాకిరీ చేసి, కోతల నాటికి ఇంటి ఓడ ఎక్కింది. ఈసారి వాంతి కాలేదట. అంత సముద్రమూ ఆవిడ మొహం చూసి భయపడి కదలకుండా పడుకుందని లంకలో చెబుతారు. ఇది మాత్రం అబద్ధమనడానికి లేదు.

ఆ తర్వాత ఆవిడ దోనెలో జనాన్ని లంకకి చేరవేసేది. ముప్ఫైఎనిమిదిలో రంగూన్‌లో గొడవలు రేగి మనవాళ్ళు చాలామంది తిరిగొచ్చారు. ఒకరోజు రేగడి గట్టుమీద ఇస్సాకు మూటతో నిలబడి, "సారమ్మా," అని పిలిచాడు.

"ఎక్కండి," అంది, అందరితో అన్నట్టే.

దోనె మధ్యలో కృపావరం కూర్చున్నాడు. ఇంతెత్తు ఎదిగాడు. నడుముకి నారతాడు ఉంది, రెండో కొస తల్లి నడుముకుంది. ఇస్సాకు నవ్వబోయాడు.

"ఇంతవాడికి తాడేంటే? ఈత రాదా?"

"వస్తుందండీ. మీకంటే బాగా ఈదుతాడు."

"మరెందుకూ?"

"మీరా చివర కూర్చోండి. దోనె ఒరుగుతుంది."

ఇస్సాకు ఆ చివరికి జరిగి, మధ్యలో వదులుగా పడివున్న తాడు వైపు చెయ్యి చాపాడు. కృపావరం అతని మొహం చూడకుండానే ఆ తాడుని తనవైపు లాక్కుని, చుట్టలు చుట్టి, ఒళ్ళో పెట్టుకున్నాడు. సారమ్మ గెడ వేసింది.